టెల్నెట్ నుంచి ట్రిగ్గరు దాకా

మొన్న మావాడు "నాన్నా, బొమ్మల్లేని ఆటలు ఉండేవట, నిజమేనా?" అనడిగాడు. ఉండటమేమిట్రా, ఇప్పటికీ ఉన్నాయని మడ్లెట్ అనే ఉచిత క్లయింటు దింపుకుని కూర్చున్నాను. అది అడిగేవి ముఖ్యంగా మూడే: ప్రొఫైలు పేరు, సర్వరు చిరునామా, పోర్టు నంబరు. ఇంత సుఖం ఊరికే రాలేదు.

మడ్‌లనే ఈ ఆటల్లో మొదటిది 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి మొదలుపెడితే, రిచర్డ్ బార్టిల్ అందుకుని పూర్తిచేశాడు. గుహలూ, నిధులూ, కొట్లాటలూ అన్నీ అక్షరాల్లోనే. ఉత్తరానికి పొమ్మని కొడితే పక్క గదిలో తేలతాం. అక్కడ ఇంకో మనిషుంటే కబుర్లాడొచ్చు. తర్వాత 1989లో కార్నెగీ మెలన్‌లో జేమ్స్ ఆస్ప్‌నెస్ టైనీమడ్ రాశాడు. 1991లో కోపెన్‌హేగెన్ విద్యార్థుల డికూమడ్ వచ్చింది.

వీటిలోకి వెళ్ళడానికి మొదట్లో దారి టెల్నెట్. చిరునామా, పక్కన పోర్టు కొట్టడమే. డికూ ఆటలకి మామూలుగా 4000. చిక్కల్లా ఎక్కడంటే, మనం సగం వాక్యం కొట్టేలోపు ఎవడో రాక్షసుడి దెబ్బ తాలూకు వాక్యం వచ్చి దాని మధ్యలో పడేది. ఏది మన మాటో, ఏది వాడి మాటో తెలిసేది కాదు.

క్లయింట్లు పుట్టింది ఇందుకే. యునిక్సులో టైనీఫ్యూగ్, టిన్‌టిన్. 1990ల నడుమ విండోసుకి జీమడ్, మష్‌క్లయింట్. వచ్చేది పైన, కొట్టేది కింద. పొడుగాటి ఆజ్ఞకి పొట్టిపేరు పెడితే ఎలియాస్. ఫలానా వాక్యం తెరమీదకి రాగానే ఫలానా జవాబు తనే పంపితే ట్రిగ్గరు. ఆకలేస్తోందని ఆట చెప్పగానే క్లయింటే రొట్టె తినిపిస్తుందన్నమాట.

2001లో నేను న్యూజెర్సీలో బెంచి మీదున్నాను. గెస్టుహౌసులో ఆరుగురం, ఒక్కటే ఫోన్ లైను. రాత్రి అందరూ పడుకున్నాక మడ్‌లో దూరేవాణ్ణి. అక్కడ ఒక తెలుగబ్బాయి దొరికాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకుంటూ తెల్లారగట్లదాకా కూర్చునేవాళ్ళం. ఊరు హ్యూస్టన్ అని చెప్పాడు. ఆటలో పేరు తప్ప అసలు పేరు నేనడగలేదు.

నా తెలివి కొద్దీ ఒక ట్రిగ్గరు పెట్టాను. అతను ఏమన్నా సరే "చెప్పు గురూ, వింటున్నా" అని వెళ్ళిపోతుంది. వంటకి లేచినా నేనక్కడ ఉన్నట్టే ఉంటుంది కదా!

ఒకరాత్రి లైను కలిపి ఉంచే నిద్రపోయాను. పొద్దున లాగు తెరిచి చూస్తే, ఉద్యోగం పోయిందని, హెచ్1 మీద ఇంక ఉండలేనని, ఇండియా వెళ్ళిపోతున్నానని రాశాడు. మొత్తం ఏడు వాక్యాలు. ప్రతిదాని కిందా "చెప్పు గురూ, వింటున్నా". ఆఖరున "ఉన్నావా అసలు?" అనడిగాడు. దానికీ అదే జవాబు.

మళ్ళీ రాలేదు. పేరైనా తెలియనివాణ్ణి ఎక్కడని వెతకను?

మొన్న మావాడికి మడ్లెట్‌లో ఎలియాసులు పెట్టిచ్చాను. ఆకలికి ట్రిగ్గరు కూడా పెట్టాను. "ఎవరైనా పలకరిస్తే?" అన్నాడు.

"దానికి నువ్వే కొట్టాలి" అన్నాను.