గంటము నుండి సిరాపెట్టె వరకు

గద్వాల, వనపర్తి, కొల్లాపురములందు సంస్థానములు వర్ధిల్లిన కాలమున వ్రాతకు సిరా ఖర్చన్నది దాదాపు లేనే లేదు. తాటియాకు నారవేసి, అంచులు కోసి, ఇనుపగంటముతో అక్షరములు గీచి, దీపపుమసిని ఆకుపసరుతో కలిపి పైన రుద్దెడివారు. గీతలలో మసి నిలిచెడిది. తక్కినది తుడిచిన పోయెడిది. కాగితము వాడుకలోనికి వచ్చిన పిమ్మట కలమునకు తగిన సిరాను ఇండ్లలోనే కాచుకొనిరి. కరక్కాయను నలుగగొట్టి నీటిలో నానబెట్టి, అన్నభేది చేర్చినచో రసము నల్లబడును. తుమ్మజిగురు కలిపినచో కాగితముపై ప్రాకక నిలుచును. కరక్కాయ నల్లమల యడవిలో కాచును. తుమ్మ చెరువుగట్టున పెరుగును. వీనికొరకు ఎవరును ఒక వర్తకునికే కట్టుబడి యుండ నక్కరలేకపోయెను.

ఆ కాలపు ఖర్చంతయు లేఖకుని శ్రమయే. ఒక కావ్యమునకు రెండవ ప్రతి కావలెనన్నచో మరల మొదటి యాకునుండి గీయవలసినదే. గద్వాల ‘విద్వద్గద్వాల’ యని పేరు పొందినది. తిరుపతి వేంకటకవులవంటి వారు గద్వాలకును వనపర్తికిని వచ్చిరి. సభలు జరిగినవి, సన్మానములు జరిగినవి. కాని అచట చదువబడిన పద్యములలో అచ్చు మొగము చూచినవెన్ని? తాళపత్రము చెదలకు దొరికినచో కవియు దానితోపాటే అంతరించెను.

గద్వాల ప్రాంతమున ఇటికాలపాడు స్వగ్రామముగాగల సురవరము ప్రతాపరెడ్డిగారు 1926 మే 10వ తేదీన హైదరాబాదునుండి ‘గోలకొండ పత్రిక’ను వెలువరించిరి. తెలంగాణమున కవులే లేరన్న యాక్షేపము వచ్చినప్పుడు వారు వాదమునకు దిగలేదు. 1934లో 354 మంది కవుల రచనలతో ‘గోలకొండ కవుల సంచిక’ను అచ్చువేసి చూపిరి. పల్లెలలో మూలబడియున్న వ్రాతప్రతులకును లోకమునకును మధ్య నిలిచిన అడ్డు అచ్చు సిరాయేనని ఆ సంచిక తెలిపినట్లు మరేదియు తెలుపలేదు.

అచ్చు సిరా, కాచిన అవిసెనూనెలో మసి కలిపి చేయునది. ముద్రణాలయ యజమానికి బరువైనవి సీసపుటక్షరములు, కాగితము, కంపోజిటర్ల జీతములు. సిరాడబ్బా లెక్కలో కట్టకడపటిది. నగరములలో క్రొత్త యంత్రములు వచ్చినప్పుడు పాత ట్రెడిలు చిన్న పట్టణములకు తరలుట దేశమంతట జరిగిన పనియే. కాలితో త్రొక్కెడి ఆ ఇనుపయంత్రమును పాతదని కొనినవాడు నష్టపోలేదు. పెండ్లిపత్రికయైనను, రసీదుపుస్తకమైనను, కరపత్రమైనను అది పదుల యేండ్లు అచ్చువేసెను. ఏ కంపెనీ సిరా పూసినను అది కాదనలేదు. బడులలోను కార్యాలయములలోను వాడిన సైక్లోస్టయిలుకు స్టెన్సిలు కాగితము, గొట్టపు సిరా బజారున కొనవలసి వచ్చినను, ఖర్చు కంటికి కనుపించునదిగానే యుండెను.

ఇంకుజెట్టు యంత్రముతో ఈ లెక్క తలక్రిందులైనది.

సిరాను సన్నని ధారగా చిమ్మి వ్రాయించు సాధనమునకు సీమెన్సు కంపెనీకి చెందిన ఎల్మ్‌క్విస్టు 1951లో పేటెంటు పొందెను. 1977లో జపానులోని కెనాన్ ప్రయోగశాలలో కాలుచున్న టంకపుకడ్డీ యొకటి సిరా నింపిన సూదికి తగిలి సిరా చివ్వున చిమ్మినది. ఆ చిన్న సంఘటనమునుండి వేడిచే బుడగ పుట్టించి సిరాబొట్టును త్రోయు పద్ధతి వెలసెను. హెచ్.పి. సంస్థ 1984లో థింకుజెట్టును, 1988లో డెస్కుజెట్టును అమ్మకమునకు పెట్టెను. డెస్కుజెట్టు తొలివెల వేయి డాలర్లకు కొంచెము తక్కువ. తరువాతి యేండ్లలో యంత్రముల వెల బాగుగా దిగజారినది, కార్ట్రిజి యను సిరాపెట్టె వెల మాత్రము దిగలేదు. యంత్రమును చౌకగా ఇచ్చి, లాభమును సిరాలో రాబట్టుకొనుట వ్యాపారసూత్రమైనది. పెట్టెకు చిన్న చిప్పు నతికించి, ఇతరుల సిరాను యంత్రము నిరాకరించునట్లు చేసిరి. 2016 సెప్టెంబరులో హెచ్.పి. యంత్రములు కొన్ని, నిన్నటివరకు స్వీకరించిన ఇతర కంపెనీల పెట్టెలను హఠాత్తుగా త్రోసిపుచ్చినప్పుడు పలుదేశములలో గగ్గోలు పుట్టినది. సొమ్ము పెట్టి కొన్నవాని యింటిలోని యంత్రమునకు యజమాని యెవరన్నది న్యాయమైన ప్రశ్నయే.

అదే సంవత్సరము అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాకేంద్రములైనవి. అంతకు ముందే, 2011లో, మీసేవ వచ్చియుండెను. దరఖాస్తు, కులధ్రువపత్రము, ఆదాయపత్రము, హాల్‌టికెట్టు, పట్టాకాగితము — అన్నియు తెరపై కనుపించును గాని చేతికి కాగితము కావలెను. చదువు ముగించిన యువకుడు కార్యాలయపు వీధిలో చిన్నగది తీసికొని కంప్యూటరు పెట్టుకొన్నప్పుడు, పెట్టుబడి తక్కువగుటచే పాతప్రింటరు వైపు చూచుట సహజము. అతడు బేరమాడునది యంత్రపు వెల. అతనిని ముంచునది సిరా.

పాతయంత్రము 1,500 రూపాయలకు దొరికెననుకొందము. దాని నల్లసిరాపెట్టె 800 రూపాయలు, అది 160 పుటలు వ్రాయుననుకొందము. పుటకు సిరాయే 5 రూపాయలు. దినమునకు 10 పుటలు తీసినచో 16 దినములకొక పెట్టె; 32 దినములు నిండునప్పటికి సిరాకు 1,600 రూపాయలు, అనగా యంత్రమును మించినది. గిరాకీవద్ద పుటకు ఐదు రూపాయలే పుచ్చుకొనుచున్నచో కాగితము, కరెంటు చేతిసొమ్మే. ఇది చాలదన్నట్లు, రంగుసిరా నిండుకొన్నచో నల్లయక్షరము సైతము వ్రాయమని మొరాయించు యంత్రములు కలవు.

ఇండొనేషియాలోను భారతదేశములోను చిన్న దుకాణదారులు దీనికి విరుగుడు కనుగొనిరి. యంత్రము ప్రక్కన సీసాలు నిలిపి, సన్నగొట్టములతో సిరా నందించిరి. ఎప్సన్ కంపెనీ ఆ సూచన గ్రహించి 2010లో ఇండొనేషియాలో సిరాతొట్టెగల ప్రింటర్లను తానే విడుదల చేసెను. అవి పిమ్మట భారతదేశమునకును వచ్చినవి. ఆ తరగతి యంత్రములకు వాడు 70 మిల్లీలీటర్ల నల్లసిరా సీసా 4,000 పుటలు వచ్చునని కంపెనీవారి లెక్క. సీసా 500 రూపాయలనుకొన్నను పుటకు పన్నెండున్నర పైసలు. యంత్రపు వెల హెచ్చు, సిరా వెల తగ్గు: ట్రెడిలునాటి లెక్క కొంత తిరిగి వచ్చినదన్నమాట. పెద్ద కంపెనీకి దారి చూపినవారు చిన్న దుకాణదారులన్నది మరువరాదు.

అయినను తొట్టెయంత్రమును పాతదిగా కొనుటలో వేరొక చిక్కు గలదు. చౌకపెట్టెల యంత్రములు పెక్కింటిలో సిరా చిమ్ము తల పెట్టెలోనే యుండును. పెట్టె మారినచో తలయు మారును. ఎప్సన్ యంత్రములలో తల యంత్రమునకే బిగింపబడియుండును. నెలల తరబడి వాడక మూలబెట్టినచో దాని సన్నరంధ్రములలో సిరా గట్టిపడును. పాలమూరు ఎండలకు ఎండుట మరింత త్వరితము. శుభ్రపరచుమని యంత్రమునకు ఆజ్ఞ ఇచ్చినచో ప్రతిసారియు సిరా పారబోసికొనును. ఆ పారబోసినది అడుగునగల మెత్తలోనికి పోవును. మెత్త నిండినదని లెక్క తేలినప్పుడు యంత్రము పని మానును. కనుక కొనువారు పైడబ్బా మెరుపు చూడక, రంధ్రముల పరీక్షపుటను ఎదుటనే తీయించి, నాలుగు రంగుల గీతలును తెగక వచ్చుచున్నవో లేవో చూడవలెను. ఆ యంత్రపు సిరా గద్వాలలోనో వనపర్తిలోనో దొరకునా, హైదరాబాదునుండి తెప్పింపవలెనా యని ముందే విచారింపవలెను.

గ్రంథాలయమునకు కావలసినది వేరు. పుస్తకముల పట్టిక, చందారసీదులు, సభాహ్వానము — నెలకు ఇరువది ముప్పది పుటలు మించవు. అంత తక్కువ వాడుకలో ద్రవసిరా ఎండిపోవును. లేసరు ప్రింటరులోని పొడిసిరాకు ఆ బాధ లేదు. పాతది కొనదలచినచో నలుపు మాత్రమే వ్రాయు లేసరు మేలు. ఇంకుజెట్టు ఇదివరకే యున్నచోట, పని యున్నను లేకున్నను, వారమున కొకమారు నాలుగు రంగులు గల పుట నొకదానిని తీయుచుండవలెను.