మాక్బెత్: చరిత్రయు, నాటకమును

లెక్కలు వ్రాయుట నా వృత్తి. పూర్వమొకసారి నా పొరపాటున నొక రైతు పేర లేని బాకీ పడినది. దానిని దిద్దుటకు పట్టిన మూడు దినములును ఆయన రచ్చబండ వైపు రాలేదు. షేక్స్పియరు మహాకవి ‘మాక్బెత్’ నాటకమును జదివినపుడెల్ల నా కా రైతే జ్ఞప్తికి వచ్చును.

నాటకమున మాక్బెత్ రాజ్యకాంక్షచే, భార్య ప్రేరణచే, తన యింట అతిథియై నిద్రించుచున్న వృద్ధరాజు డంకనును వధించును. చరిత్ర వేరు. డంకను వృద్ధుడు కాడు. 1040లో ఎల్గిన్ పట్టణ సమీపమున మాక్బెత్ పక్షముతో జరిగిన పోరున మడిసెను. పిమ్మట మాక్బెత్ పదునేడేండ్లు స్కాట్లండును బాలించెను. 1050లో రోము యాత్ర చేసి బీదలకు ధనము పంచెనని సమకాలికుడొకడు వ్రాసియున్నాడు. రాజ్యము కుదురుగా లేనివాడు అంత దూరమేగ సాహసించునా? 1057లో డంకను కుమారుడగు మాల్కముతోడి యుద్ధమున నతడు మరణించెను.

కవికి ఆధారము 1577లో వెలువడిన హాలిన్షెడ్ చరిత్రగ్రంథము. అందును మాక్బెత్ తొలి పదియేండ్లు న్యాయముగా బాలించెననియే యున్నది. రాత్రివేళ అతిథియైన రాజును జంపించిన కథ, అదే గ్రంథమున డఫ్ అను వేరొక రాజునకు సంబంధించినది. కవి దానిని దెచ్చి మాక్బెత్ పేర వ్రాసెను. ఆ గ్రంథమున హత్యకు తోడ్పడిన బాంకోను నిర్దోషిని జేసెను. 1603లో ఇంగ్లండు సింహాసనమెక్కిన జేమ్సు రాజు తాను బాంకో వంశీయుడనని చెప్పుకొనెడివాడు. నాటకము 1606 ప్రాంతమున బుట్టినది.

అయిన రాజప్రీతి యొక్కటే కారణమని నేను దలపను. యుద్ధమున శత్రువును గూల్చినవాడు సుఖముగా నిద్రింపవచ్చును. నమ్మి పండుకొన్నవానిని జంపినవానికి నిద్ర యెక్కడిది? సౌప్తికపర్వము నెరిగిన మనకు ఆ పాతకమెట్టిదో వేరుగా జెప్పనక్కరలేదు. నెత్తురు కొంచెము నీటితో బోవునని భర్తకు ధైర్యము జెప్పిన యిల్లాలే, తుదకు నిద్రలో నడచుచు, లేని నెత్తురును గడుగుకొనుచుండును. ఈ మనోవేదనను జూపుటకే కవికి పడకగది హత్య కావలసివచ్చినది.

కనుక చదువరులారా, ఆ రాజు పేర నాలుగువందల యేండ్లుగా నిలిచిన హత్యాదోషమును మన మనస్సులలోనైన గొట్టివేయుదము. నాటకమును మాత్రము విడువరాదు. పొరుగువాని గట్టును జానెడు జరుపదలచినవాడు ఆ రాత్రి దానిని జదివిన, తెల్లవారి పార పట్టుటకు వాని చేయి రాదు.