దారుశిల్పము, పసిడిపూత

సూర్యాపేటకు చేరువనున్న పిల్లలమఱ్ఱికి పోయినవారు అచ్చటి నల్లరాతి కంబములను చేతితో నిమిరి చూడక మానరు. రేచెర్ల నామిరెడ్డి 1202లో కట్టించిన నామేశ్వరాలయమున, బేతిరెడ్డి ఇల్లాలు ఎరకసాని 1208లో కట్టించిన ఎరకేశ్వరాలయమున ఆ కంబములు అద్దమువలె మెఱయుచుండును. ఒకదానిపై నొకటి పేర్చిన బిళ్లలవలె, నడుమ సన్నని నొక్కులతో, తరిమెన పట్టినట్లు గుండ్రముగా నుండును.

మేము ఆ గుడులు చూడబోయినప్పుడు కోదాడ ప్రాంతపు వడ్రంగి యొకరు మావెంట వచ్చినారు. డెబ్బదేండ్లు దాటిన పెద్దమనిషి. ఆయన కంబమును రెండు చేతులతో చుట్టి పట్టుకొని కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "అయ్యా, ఇది మా పనే. రాతికి ఒప్పజెప్పిండ్రు" అన్నారు. మేము పుస్తకములలో చదివి తెలిసికొన్న విషయమును ఆయన అరచేతితో తెలిసికొన్నారు.

ఆ మాటకు సాక్ష్యము అదే జిల్లాలో ఇంకను పాతది కలదు. ఫణిగిరి కొండపై క్రీస్తుశకపు తొలి శతాబ్దులలో వర్ధిల్లిన బౌద్ధారామము బయల్పడినది. అచ్చటి తోరణపు రాతి దూలమును 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమువారి ప్రదర్శనలో విదేశీయులు సైతము చూచినారు. తోరణమనగా నేమి? రెండు నిలువు కంబములు, వానిపై అడ్డదూలములు. స్తూపము చుట్టును కట్టు రాతి దడియు అట్టిదే. కంబమునకు బెజ్జము తొలిచి, అడ్డకమ్మి కొనను సన్నగా చెక్కి దానిలో దిగగొట్టుట రాతికి అక్కఱలేని పని. బరువే రాతిని నిలుపును. ఆ కూర్పు కఱ్ఱది. సాంచిలో ఒక తోరణమును విదిశానగరపు దంతపు పనివారు చెక్కిరని శాసనమే చెప్పుచున్నది. ఒక వృత్తివారి చేతివాటము మఱియొక పదార్థములోనికి ఇట్లే ప్రవేశించినది.

మఱి అసలు కఱ్ఱపని ఏమైనది? చెద తిన్నది, నిప్పు తిన్నది, వాన తిన్నది. పాత గుడి గుమ్మము దగ్గర వంగి చూడుడు. గడపరాతిలోను, పైరాతిలోను గుంటలు కనబడును. తలుపు రెక్క తిరుగుటకు తొలిచిన గుంటలవి. గుంట మిగిలినది, తలుపు లేదు. ఎనిమిది వందల ఏండ్ల రాతి ద్వారబంధమునకు నేడు బిగించియున్న తలుపు మన తాతలనాటిదైనను గొప్పయే.

కనుక మన ప్రాంతమున దారుశిల్పమును వెదకవలెనన్న గర్భగుడిలో గాక, రథశాలలలో, ఊరి గడులలో, పాత లోగిళ్ల మండువాలలో వెదకవలెను. టేకుకంబము తలపై తామరరేకులు, దూలపు కొనను ఏనుగుతల, ద్వారబంధముపై చిలుకలు, లతలు, నడుమ గజలక్ష్మి. ఇట్టి పని ఒక్కచేతితో తెమలునది కాదు. వడ్రంగి తలుపు చేయును. కమ్మరి గొళ్లెము, మేకులు కొట్టును. కంచరి ఇత్తడి రేకు తొడుగును. కంసాలి వెండిబంగారములు పూయును. శిల్పి కొలతలు చెప్పును. విశ్వకర్మ సంతతి యని అయిదు వృత్తులను ఒక్కపేరున పిలుచుటలో వట్టి కులగౌరవమే గాక పనిలోని అవసరము కూడ కలదని మా అభిప్రాయము.

ఇత్తడి రేకు అనగానే జనగామ దగ్గరి పెంబర్తి తలపునకు వచ్చును. రేకును కాల్చి మెత్తపఱచి, లక్కపఱపుపై అదిమి, వెనుకనుండి సుత్తితో ఉబ్బించి, ముందునుండి ఉలితో గీసి దేవతారూపములు తీయుదురు. తలుపులు, వాహనములు, ధ్వజస్తంభములు ఈ రేకులనే తొడుగుకొనును. లోపల కఱ్ఱ, పైన లోహము, దానిపై పసిడి: ఇది మన దేశపు పద్ధతి.

పసిడిపూతకు రెండు పాతదారులు కలవు. లోహముపై నైనచో బంగారమును పాదరసములో కరగించి ఆ ముద్దను పూసి నిప్పుసెగ చూపుదురు. పాదరసము ఆవిరియై పోవును, బంగారము అంటుకొని యుండును. ఆ ఆవిరి విషము. ఈ పనిచేసిన చేతులు వణకుటయు, పండ్లు కదలుటయు దానివలననే. చెక్కపై నైనచో నిప్పు పనికిరాదు, రేకు అతికింపవలెను. సాగగొట్టిన ఒక గ్రాము బంగారము సుమారు అర చదరపు మీటరు మేర పఱచుకొనును. అంత పలుచని రేకు క్రింద చెక్క నార, ఉలిగాటు అన్నియు పైకి కనబడును గనుక మొదట మెత్తని నేల సిద్ధము చేయవలెను. కోదాడ దాటి బెజవాడ బాటలో పోయిన కొండపల్లి వచ్చును. అచ్చట తెల్లపొణికి బొమ్మల అతుకులకు చింతగింజల పిండి, ఱంపపుపొట్టు కలిపిన మక్కు వాడుదురు. తంజావూరులో స్థిరపడిన తెలుగు రాజులు పలకపై సున్నపుపొడిని జిగురుతో ఉబ్బెత్తుగా పెట్టి, దానిపై బంగారు తగడు అతికించి దేవతాపటములు చేసినారు. పదార్థములు వేఱైనను రెండింటను పూతకు అడుగున ఓపికయే ఉన్నది.

గుడి బంగారమునకు మన దేశమున మఱమ్మతు కొత్తది కాదు. తిరుమల ఆనందనిలయ విమానమునకు శ్రీకృష్ణదేవరాయలు 1518లో ముప్పదివేల వరాలతో పసిడి పూయించెను. మరల 1958లో దేవస్థానమువారు పూయించిరి. యాదగిరిగుట్టలో పునర్నిర్మాణము సాగినన్నాళ్లు స్వామి బాలాలయములో పూజలందుకొని, 2022 మార్చిలో ప్రధానాలయము చేరెను. 2025 ఫిబ్రవరిలో ఆ విమానము 60 కిలోలకు మించిన బంగారముతో మెఱసినది. రాగిరేకులపై నూతన పద్ధతిలో వేసిన పూత అది. పాదరసపు విషము దానిలో లేదు. ఇందుకు సంతోషింపనివారు ఉండరు.

అయోధ్య రామాలయమునకు 2024లో అమర్చిన టేకు తలుపులు చేసినది హైదరాబాదువారు. మన నగరమునకు గర్వకారణమే. కాని ఆ తలుపులు చెక్కిన ఉలులలో ఎక్కువభాగము తమిళనాటినుండి వచ్చినవి. ఈ సంగతి విన్నప్పుడు మా వడ్రంగి పెద్ద నవ్వి, "మావోళ్లు సోఫాలు చేస్తుండ్రయ్యా" అన్నారు.

ఆయనకు అసలు బాధ మఱియొకటి. పాత తలుపును బాగుచేయుట ఎవరికిని పట్టుటలేదు. మేము చూచిన ఒక గుడిలో చెక్కుడు తలుపుపై నిగనిగలాడు ఎనామిలు రంగు పొరలు పొరలుగా వేసియున్నారు. చిలుక ముక్కు ఎక్కడ ముగిసినదో, మామిడికాయ ఎక్కడ మొదలైనదో తెలియదు. చూచుటకు బాగులేకపోవుట చిన్న దోషము. చెక్క గాలిలోని తేమనుబట్టి అడ్డముగా ఉబ్బును, కుంచించుకొనును, నిలువున దాదాపు కదలదు. పాతకాలపు వడ్రంగి అందుకే చెక్కుడు పలకను మేకులతో బిగింపక, చట్రపు గాడిలో వదులుగా నిలిపెను. రంగు ఆ గాడిని పూడ్చి పలకను పట్టివేసినది. ఒక వేసవికి పలక నిలువున పగిలినది. పగులునకు మఱమ్మతని ఎవరో ఇనుపపట్టీ కొట్టిరి. మఱుసటి యేడు పట్టీకి ఇరుప్రక్కల పగిలినది.

దీనికి మందు ఆయనకు తెలియును. రంగును ఉలితో గీకరాదు, అంచులు పోవును. మెత్తపఱచి వెదురుపుల్లతో తీయవలెను. కుళ్లినంతమేరకే కోసి, అదే జాతి పాతచెక్కను నార దిక్కు తప్పకుండ అతుకవలెను. పాత పసిడి కొంత అరిగియున్నచో దానిని అట్లే యుంచి, పోయినచోటనే రేకు పెట్టవలెను. అంతయు కొత్తగా పూసినచో క్రింద చెక్కిన చేతి సన్ననిగీత మునిగిపోవును. ఈ చివరిమాటను అంగీకరింపని భక్తులు పెక్కుమంది. దేవునికి వెలసిన బంగారమా యని వారడుగుదురు. పూజలోనున్న గుడి మ్యూజియము కాదు గనుక ఆ ప్రశ్న తోసివేయదగినది కాదు. విమానమునకు, ధ్వజస్తంభమునకు కొత్తపూత వేయుడు, తలుపులను, రథపు బొమ్మలను మాత్రము చెక్కినవాని గీతతో ఉండనిండని మేమందుము.

ఆ తలుపు సంగతి పెద్దలతో మాటాడగా, కొత్త తలుపు వెల కంటె మఱమ్మతు కూలియే ఎక్కువ యగునని తేలినది. వడ్రంగి పెద్ద లెక్క చూచి కాదనలేదు. దాతలు కొత్త తలుపునకు ముందుకు వత్తురు, దానిపై పేరు చెక్కింపవచ్చును. అతుకునకు పేరెవరు చెక్కుకొందురు? చివరకు ఒక ఒడంబడిక కుదిరినది. ఎడమరెక్క కొత్తది చేయింతురు. కుడిరెక్కను ఆయనయే బాగుచేయును. కూలి సగమే తీసికొనును, కాని ఊరి యువకులిద్దరు పని ముగియువఱకు ఆయన ప్రక్కన కూర్చుండవలెను.

మేము సెలవు తీసికొనునప్పటికి కుడిరెక్క అరుగుమీద పరుండియున్నది. యువకులలో నొకడు వెదురుపుల్లతో రంగు తీయుచున్నాడు. చిలుక కన్ను అప్పుడే బయటపడినది.