అమీర్‌పేటలో దిగి, లైను మారి

2023 మార్చి 5, ఆదివారం. మాదాపూర్ మెట్రో స్టేషన్‌లో మెట్లెక్కి ప్లాట్‌ఫామ్ మీదికి వస్తారు. వారమంతా ఐడీ కార్డులతో కిటకిటలాడే చోట ఇవాళ కావలసినంత జాగా. నాగోల్ రైలు వస్తుంది. ఎదురు సీట్లో ఆరేడేళ్ల పాప, ఒళ్లో రాకెట్, పక్కన వాళ్లమ్మ.

"ఎల్బీ స్టేడియానికేనా అండీ?" అని ఆవిడే పలకరిస్తుంది.

అవునంటారు. ఇవాళ అక్కడ సానియా మీర్జా చివరిసారిగా ఆడబోతోంది.

రైలు కదులుతుంది. అద్దాల మేడలు వెనక్కి జరుగుతాయి. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరిచేనాటికి సానియాకు అప్పుడే 12 నిండాయి. అప్పట్లో నగరంలో టెన్నిస్ నేర్చుకునే పిల్లలకు పేడ అలికిన కోర్టులే దిక్కు. ఆ నేల మీద మొదలైన పిల్లకు తండ్రి ఇమ్రాన్ మీర్జాయే కోచ్. 2003లో అలీసా క్లెబనోవాతో కలిసి వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. అదే ఏడాది ఇక్కడే జరిగిన ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో నాలుగు స్వర్ణాలు అందుకుంది. యూసుఫ్‌గూడ స్టేషన్ వస్తుంది. ఆమె చదివిన సెయింట్ మేరీస్ కాలేజీ ఈ పేటలోనే.

"2005లో మన ఊళ్లో సానియా ఆడిన ఫైనల్ నేను గ్యాలరీలో కూర్చుని చూశానండీ, కాలేజీ ఎగ్గొట్టి," అంటుంది పాప తల్లి. "రెండో సెట్ పోయేసరికి మాకు నోట మాట లేదు. మూడో సెట్లో ఆ ఫోర్‌హ్యాండ్ చూడాలి! అవతలి అమ్మాయి కాలు కదిపేలోపే బంతి పక్కనుంచి వెళ్లిపోయేది."

ఉక్రెయిన్‌కు చెందిన అల్యోనా బొండరెంకో మీద 6-4, 5-7, 6-3. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారత మహిళ, వయసు 18. ఆ ఏడాదే యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండు దాకా వెళ్లింది. 2007 ఆగస్టులో సింగిల్స్‌లో ప్రపంచ 27వ ర్యాంకు. మన దేశం నుంచి మరే అమ్మాయీ ఇంతవరకూ అక్కడికి చేరలేదు.

అమీర్‌పేట. ఇక్కడ దిగి రెడ్ లైను పట్టుకోవాలి. జనంతో పాటు మెట్ల మీద నడుస్తుంటే ఆమె బతుకులోని గడ్డు రోజులు గుర్తొస్తాయి. ఆ ఫోర్‌హ్యాండ్‌ను కొట్టే కుడి మణికట్టే దెబ్బతింది. 2008లో ఆపరేషన్. తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి సహకరించని దశ. తర్వాత మోకాళ్లూ మొరాయించాయి. సింగిల్స్‌కు కావలసిన పరుగు ఈ ఒళ్లు ఇక ఇవ్వదని తేలాక, తనకు పేరు తెచ్చిన విభాగాన్నే వదిలి 2013 నుంచి పూర్తిగా డబుల్స్‌కు మారింది. పాతికేళ్లు దాటిన వయసులో మళ్లీ మొదలు.

అసెంబ్లీ స్టేషన్లో దిగి బషీర్‌బాగ్ వైపు నడక. దగ్గర్లోనే నిజాం క్లబ్. ఆరేళ్ల సానియాను తల్లి నసీమా తీసుకొచ్చింది ఇక్కడికే. పిల్ల మరీ చిన్నదని కోచ్ మొదట చేర్చుకోనన్నాడట. తల్లి పట్టుబట్టింది. నెల తిరిగేసరికి, ఈ పాప ఆట చూడండని ఆ కోచే కబురు పెట్టాడు. మీరు ఈ కథ చెబుతుంటే పక్కన నడుస్తున్న పాప రాకెట్‌ను ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకుంటుంది.

స్టేడియం. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. 2005లో గెలిచిన చోటే వీడ్కోలు. సానియా రాగానే గ్యాలరీ లేచి నిలబడుతుంది. పక్కన రోహన్ బోపన్న, నెట్‌కు అవతల ఇవాన్ డోడిగ్, బెథనీ మాటెక్ శాండ్స్. బంతి కుడివైపు పడగానే అదే విసురు, అదే చప్పుడు. చప్పట్లు మోగుతాయి.

కానీ మీ మనసు 2015 జూలై 11కు పోతుంది. వింబుల్డన్ సెంటర్ కోర్టులో మహిళల డబుల్స్ ఫైనల్, మార్టినా హింగిస్ జోడీ. చివరి సెట్లో 2-5తో వెనకబడి 5-5కు లాక్కొచ్చారు. చీకటి పడుతుంటే కప్పు మూశారు. దీపాల వెలుగులో మిగిలిన రెండు గేములూ వాళ్లవే. వెనక నుంచి సానియా ఫోర్‌హ్యాండ్, నెట్ దగ్గర హింగిస్ చురుకుదనం. ఆ జంట వరసగా 41 మ్యాచ్‌లు ఓడలేదు. అదే ఏడాది ఏప్రిల్ 13న సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. మిక్స్‌డ్‌లో మూడు, మహిళల డబుల్స్‌లో మూడు, మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్‌లు. 2018లో కొడుకు ఇజాన్ పుట్టాక 26 కిలోలు తగ్గి, 2020 జనవరిలో హోబర్ట్‌లో మళ్లీ టైటిల్ గెలిచింది.

ఆట ముగుస్తుంది. మైకు పట్టుకుని, ఇరవయ్యేళ్లు దేశం తరఫున ఆడటమే తనకు దక్కిన గొప్ప గౌరవమంటుంది. కళ్లు తుడుచుకుంటూ ఇవి ఆనందంతో వచ్చిన నీళ్లేనంటుంది.

"మా పాపను ఎక్కడ చేర్పిస్తే బావుంటుందండీ?" అని పక్కనుంచి తల్లి అడుగుతుంది. ముర్తుజాగూడలో 2013 నుంచి సానియా అకాడమీ ఉందని చెబుతారు. చెప్పాక ఇంకో మాట కలపాలనిపిస్తుంది: పతకాల లెక్క పాపకు తర్వాత తెలుస్తుంది. ఒక దారి మూసుకుపోయినా ఆటను వదలని మనిషి మన ఊళ్లో పుట్టకపోయినా ఇక్కడే పెరిగిందని ముందు చెప్పండి.