నాన్‌స్టిక్ పెనం నుంచి మినా గుడారాల దాకా.. టెఫ్లాన్ అంటే ఏమిటి?

మైత్రీవనం చుట్టుపక్కల హాస్టల్ గదుల్లో ఆమ్లెట్ వేసుకునే కుర్రాళ్ల నుంచి, కూతురి పెళ్లికి సామాన్ల జాబితా రాసుకునే అమ్మీల దాకా నాన్‌స్టిక్ పెనం అందరికీ కావాలి. గుడ్డు అంటుకోదు, నూనె తక్కువ పడుతుంది, కడగడం తేలిక. ఆ నల్లటి పూత నిజానికి ఒక ప్లాస్టిక్. పేరు పాలీటెట్రాఫ్లోరోఎథిలీన్, పొట్టిగా పీటీఎఫ్‌ఈ. టెఫ్లాన్ అన్నది అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ పెట్టిన బ్రాండ్ పేరు.

అది దొరికింది అనుకోకుండానే. 1938 ఏప్రిల్ 6న డ్యూపాంట్ రసాయన శాస్త్రవేత్త రాయ్ ప్లంకెట్ ఫ్రిజ్‌లకు కొత్త గ్యాస్ కోసం ప్రయోగాలు చేస్తున్నాడు. గ్యాస్ నింపిన సిలిండర్ తెరిస్తే ఏమీ రాలేదు, బరువు మాత్రం తగ్గలేదు. కోసి చూస్తే లోపల తెల్లటి మైనం లాంటి పొడి ఉంది. ఆమ్లాలు దాన్ని కరిగించలేకపోయాయి, ఏదీ దానికి అంటుకోలేదు. కార్బన్, ఫ్లోరిన్ పరమాణువుల మధ్య బంధం అంత గట్టిది మరి. రెండో ప్రపంచ యుద్ధంలో అణుబాంబు కోసం యురేనియం శుద్ధి చేసిన ప్లాంట్లలో దీన్ని వాడారు. వంటింటికి తెచ్చింది ఫ్రాన్స్‌కు చెందిన మార్క్ గ్రెగ్వార్. చేపలు పట్టే సామాన్లకు ఈ పూత వేసుకుంటుంటే, నా గిన్నెలకూ వేయమని భార్య అడిగిందట. అలా 1956లో టెఫాల్ కంపెనీ పుట్టింది.

దేనికీ అంటుకోనిది పెనానికి ఎలా అంటుకుంది? అల్యూమినియం ఉపరితలాన్ని ముందు గరుకుగా చేస్తారు. ఆ సన్నటి గుంతల్లోకి పూత దిగి పట్టుకుంటుంది. గీత పడితే లేవడం మొదలయ్యేది అందుకే.

ఈ పదార్థం మన దగ్గరా తయారైంది. మైత్రీవనం నుంచి ముంబై హైవే పట్టుకుని ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, మియాపూర్, పటాన్‌చెరు దాటితే రుద్రారం వస్తుంది. 1983లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ హిందుస్థాన్ ఫ్లోరోకార్బన్స్ లిమిటెడ్ ప్లాంటు అక్కడే ఉండేది. క్లోరోఫాం, హైడ్రోజన్ ఫ్లోరైడ్ కలిపితే ఆర్-22 వస్తుంది. ఏసీ మెకానిక్‌లకు బాగా తెలిసిన గ్యాసే ఇది. దాన్ని తీవ్రంగా వేడి చేసి విడగొడితే వచ్చే మరో గ్యాస్ నుంచి పీటీఎఫ్‌ఈ తయారవుతుంది. ఆర్-22 ఓజోన్ పొరకు హాని చేస్తుందని అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం తగ్గించుకుంటూ రావాల్సి వచ్చింది. కంపెనీ 2013-14 నుంచి నష్టాల్లోనే నడిచింది. 2020 జనవరిలో కేంద్ర కేబినెట్ కమిటీ మూసివేతకు ఆమోదం తెలిపింది. ఇప్పుడు దేశంలో ఈ వ్యాపారంలో పెద్ద పేరు గుజరాత్‌లోని ప్రైవేటు కంపెనీది.

పెనం అన్నది దీని వాడకంలో ఒక మూల మాత్రమే. ప్లంబర్ నల్లా బిగించే ముందు చుట్టే తెల్ల టేపు ఇదే. మందుల కంపెనీల్లో ఆమ్లాలు పారే పైపుల లోపలి పొర, విమానాల్లో వైర్ల తొడుగు, డయాలసిస్ రోగుల చేతిలో అమర్చే కృత్రిమ రక్తనాళం కూడా ఇదే. హజ్‌కు వెళ్లొచ్చిన వాళ్లు దీని నీడలోనే గడిపారంటే అతిశయోక్తి కాదు. 1981లో ప్రారంభమైన జిద్దా హజ్ టెర్మినల్ పైకప్పు టెఫ్లాన్ పూసిన గాజునార బట్టే. మదీనాలో మస్జిదె నబవీ ఆవరణలో తెరుచుకునే 250 గొడుగులు పీటీఎఫ్‌ఈ దారంతో నేసినవి. 1997లో మినాలో గ్యాస్ సిలిండర్ వల్ల మంటలు లేచి 340 మందికి పైగా హాజీలు చనిపోయారు. ఆ తర్వాతే మామూలు గుడారాలు తీసేసి, మంట పట్టని టెఫ్లాన్ పూత గుడారాలు వేశారు.

మంట పట్టనిది అంటే వేడికి చెడనిది అని కాదు. ఇళ్లలో జరిగే పొరపాటు ఇదే. దాదాపు 260 డిగ్రీల సెల్సియస్ దాటితే పూత పాడవడం మొదలవుతుంది. 350 దాటితే విరిగిపోయి విష వాయువులు వదులుతుంది. ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద వదిలేస్తే కొద్ది నిమిషాల్లోనే 300 దాటగలదు. ఆ పొగ పీల్చిన వారికి కొన్ని గంటల్లో చలి, జ్వరం, దగ్గు, ఛాతీ బిగుతు వస్తాయి. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. పక్షులు మాత్రం బతకవు. వంటింటి పక్కన లవ్ బర్డ్స్, చిలకల పంజరం వేలాడదీసే ఇళ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. పంజరం అక్కడి నుంచి తీసేయాలి.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 ఆహార మార్గదర్శకాల్లో ఇంకా జాగ్రత్తగా, 170 డిగ్రీల పైన ఎక్కువసేపు ఖాళీగా ఉంచొద్దని చెప్పింది. ఇంట్లో థర్మామీటర్ పెట్టి చూసేదెవరు? సన్నటి లేదా మధ్యస్థ మంట, ముందు నూనె వేశాకే స్టవ్ వెలిగించడం అని గుర్తుపెట్టుకుంటే చాలు.

రెండో సమస్య తయారీది. పూత చేసేటప్పుడు చాలా కంపెనీలు పీఎఫ్‌ఓఏ అనే రసాయనం వాడేవి. అది నేలలో, నీళ్లలో, రక్తంలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అమెరికాలోని పార్కర్స్‌బర్గ్ ప్రాంతంలో తాగునీళ్లలో కలిసి జనం జబ్బుపడ్డారు. దాదాపు 3,550 కేసుల్లో డ్యూపాంట్, కెమోర్స్ కంపెనీలు 2017లో 67 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకున్నాయి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దాన్ని క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. పెనం మీద ‘పీఎఫ్‌ఓఏ ఫ్రీ’ అని రాసి ఉంటే ఆ ఒక్క రసాయనం లేదని అర్థం, టెఫ్లాన్ లేదని కాదు. ఈ తేడా దుకాణంలో ఎవరూ చెప్పరు.

పూత పెచ్చు పొరపాటున కడుపులోకి పోతే భయపడక్కర్లేదు, అరగకుండా బయటికి వెళ్లిపోతుంది. కానీ పూత లేచిన పెనం పని చేయదు, మార్చేయాలి. స్టీలు గరిటె, స్టీలు పీచు వద్దు. మాంసం వేపుడుకు, పెద్ద మంట మీది వంటకు ఇనుప కడాయే మేలు. ముఖ్యంగా బిర్యానీ దమ్‌కు హండీ కింద తవా పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. అక్కడ చేతికి దొరికిన పాత నాన్‌స్టిక్ తవా పెట్టొద్దు. అరగంట సేపు ఖాళీగా మంట మీద మాడేది అదే. దానికి పాత ఇనుప తవానే వాడాలి.