పాఠశాలలలోని వ్రాతబల్లలు

విద్యను గూర్చి వ్రాయువారు పాఠ్యగ్రంథములను గూర్చియు, పరీక్షలను గూర్చియు విస్తరించి వ్రాయుదురుగాని, బాలుడు దినమునకు ఐదాఱు గంటలు కూర్చుండు బల్లను గూర్చి వ్రాయువారు అరుదు. బల్ల నోరులేని వస్తువు. అయినను ఒక కాలమువారు పిల్లలను ఏమని తలచిరో తెలిసికొనుటకు ఆ కాలపు బల్ల మంచి సాక్షి యని మా యభిప్రాయము.

మన వీధిబడులలో బల్లయే లేదు. పిల్లలు అరుగుమీదనో నేలమీదనో కూర్చుండి ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుచుండిరి. 1823వ సంవత్సరమున బళ్లారి కలెక్టరగు కాంబెల్ దొర తన జిల్లాలోని 533 బడులను గూర్చి వ్రాసిన నివేదికలో ఈ యిసుక వ్రాతను వర్ణించియున్నాడు. ఇసుకలో చేయి తిరిగిన పిమ్మట బాలునకు తాటాకు, గంటము చేతికి వచ్చుచుండెను. ఆకును ఎడమచేత బట్టి కుడిచేత వ్రాయువానికి చేయియే బల్ల.

ఈ యిసుక సముద్రము దాటిన కథ వింతయైనది. 1789 మొదలు చెన్నపట్టణమున ఎగ్మూరులోని అనాథ బాలుర శరణాలయమును నడపిన ఆండ్రూ బెల్, దేశీయుల బడిలోని యిసుక వ్రాతను జూచి తన శిష్యులకు నేర్పించెను. 1797లో లండనున ఆ పద్ధతిని గూర్చి గ్రంథము ప్రకటించెను. జోసెఫ్ లాంకాస్టరు తన లండను పాఠశాలలో మిక్కిలి చిన్నపిల్లలకు అంచులు గట్టిన బల్లమీద ఇసుక పోయించి వ్రాయించెను. మన నేలమీది యిసుక అచ్చట బల్ల నెక్కినది! అయితే ఒక్క గురువు వందలకొలది పిల్లలను స్వల్పవ్యయముతో నడపవలసినందున బల్లలు బారులు దీర్చబడెను. ఆంగ్ల పాఠశాలలతో బల్లలు మన దేశమునకు వచ్చినప్పుడు ఇసుక రాలేదు, బారులు మాత్రము వచ్చినవి.

బారులలో కూర్చున్న పిల్లల శరీరముల గతి యేమని మొదట విచారించినవారు వైద్యులు. 1865లో జూరిచ్ నగర వైద్యుడు ఫార్నెర్ బాలునకును బల్లకును గల సంబంధమును గూర్చి ప్రత్యేకముగ గ్రంథము వ్రాసెను. 1867లో బ్రెస్లా నగర నేత్రవైద్యుడు హెర్మన్ కోన్ 10,060 మంది పిల్లల కన్నులు పరీక్షించి ఫలితములు ప్రకటించెను. గ్రామ పాఠశాలలలో హ్రస్వదృష్టి గలవారు నూటికి ఇద్దఱైనను లేరు. ఉన్నత పాఠశాలలలో నూటికి ఇరువదియార్గురు! చాలని వెలుతురును, కొలత తప్పిన బల్లలును ఇందుకు కారణములని ఆయన వాదించెను. దానితో నానాదేశములందు క్రొత్త బల్లలు పుట్టినవి. నేటి వైద్యులు కన్నుల విషయమున బల్లనే దోషిగ నెంచరు. ఆరుబయట వెలుతురులో గడపు కాలము తగ్గుటయు, దగ్గరి చూపుతో చేయు పని పెరుగుటయు ముఖ్యములందురు. కాని కొలత కుదరని బల్ల మెడను వంచి వీపును నొప్పించునన్న మాట తోసివేయరానిది.

కొలత సరిపడినంత మాత్రమున సర్వము సరిపడునా? అమెరికాలో ఇనుపకాళ్ల బల్లలను మరలతో నేలకు బిగించుట వాడుకయయ్యెను. బల్ల కదలదు, కావున బాలుడును కదలరాదు. చికాగోలో ప్రయోగ పాఠశాల నడపిన జాన్ డ్యూయీ 1899లో ప్రచురించిన యుపన్యాసములలో ఈ సంగతియే ఎత్తి చూపెను. పిల్లలకు బల్లలు గొనుటకు ఆయన యంగళ్లు తిరిగినప్పుడు, అచ్చట నున్నవన్నియు పాఠము వినుటకే తగినవనియు, పని చేయుటకు తగినది లేదనియు ఒక వర్తకుడు గ్రహించి చెప్పెనట. 1907లో రోము నగరమున పేదల పిల్లలకు శిశుగృహము నెలకొల్పిన మరియా మాంటిస్సోరి, పిల్లలే యెత్తి జరుపుకొనగల తేలిక బల్లలను, చిన్న కుర్చీలను చేయించెను. ఆమె 1939లో చెన్నపట్టణమునకు వచ్చి అడయారున ఉపాధ్యాయులకు శిక్షణ మొసగెను. పిల్లవాడు కుర్చీని తడబడి పడద్రోసినచో, ఆ చప్పుడే వానికి పాఠమని ఆమె మతము. శిక్ష బల్లలో లేదు. నేర్పు బాలునిలో పెరుగవలయును.

ఇక నింటి మాట. బల్ల విలువైనదే కానక్కఱలేదు. పాదములు నేలకు గాని పీటకు గాని ఆనవలయును. బల్ల మోచేతి యెత్తున నుండవలయును. కుడిచేత వ్రాయువానికి వెలుతురు ఎడమవైపునుండి రావలయును. నేలమీద కూర్చుండువారికి పొట్టి యేటవాలు బల్ల చాలును. ఇవి వడ్రంగి ఒక పూటలో కుదుర్పగల పనులు.

కుదుర్ప కష్టమైనది వేఱొకటి కలదు. అన్నకు కిటికీయొద్ద బల్ల వేసి, చెల్లెలిని వంటయింటి గడపమీద పుస్తకము ఒడిలో బెట్టుకొని చదువుకొమ్మను గృహములు నేటికిని గలవు. పిలిచినప్పుడెల్ల లేవవలసిన చోట చదువు నిలువదు. బాలికను బడికి పంపితిమని సంతసించు తల్లిదండ్రులు, ఆమె పుస్తకము తెఱచియుంచి వెళ్లినను తిరిగి వచ్చునప్పటికి అట్లే యుండు చోటొకటి ఇంట గలదా యని విచారింపవలయును. ఇంత చోటు కూతునకు విడిచిననాడే ఆ యింట విద్య ప్రవేశించినదని మేము నమ్ముదుము.