రెండు కత్తుల తావీల్

మా రామాపురం వైపు చర్చిల్లో 'యెరూషలేము' అంటే ఒకసారి నక్షాలో కనిపించే షహర్, ఇంకోసారి చనిపోయాక చేరే జన్నత్. లఫ్జ్ ఒకటే, మానీలు రెండు. అయిదో శతాబ్దంలో జాన్ కాసియన్ ఈ ఒక్క మాటకే నాలుగు చెప్పాడు: తారీఖ్ ప్రకారం యూదుల నగరం, రూపకంగా చర్చి, అఖ్లాఖ్ ప్రకారం మనిషి రూహ్, ఆఖిరత్ ప్రకారం పరలోక పట్టణం. మధ్యయుగమంతా యూరప్ మఠాల్లో తఫ్సీర్ ఈ నాలుగు మెట్ల మీదే నడిచింది. జాహిర్, బాతిన్ బహస్ తెలిసిన మనకు ఇదేం కొత్త కాదు.

బాతిన్ ఎంత దూరం తీసుకెళ్తుందో క్లేర్వో మఠాధిపతి బెర్నార్డ్‌ను చూడండి. పరమగీతం పైకి ఇద్దరి ఇష్ఖ్ కథ. ఆయన అందులో రూహ్‌కీ ఖుదాకీ మధ్య ముహబ్బత్ చదివాడు. 86 ప్రసంగాలు చేశాడు. 1153లో ఇంతెఖాల్ అయ్యేనాటికి ఇంకా మూడో అధ్యాయం మొదట్లోనే ఉన్నాడు! ఖవ్వాలీ విని పెరిగిన చెవులకు ఇందులో ఎబ్బెట్టేమీ ఉండదు.

తంటా అంతా తావీల్ హుకూమత్ జోలికి పోయినప్పుడే. లూకా సువార్తలో, పట్టుబడబోయే రాత్రి, షాగిర్దులు తమ దగ్గర రెండు కత్తులున్నాయంటారు. ఈసా అలైహిస్సలాం చాలంటారు. అంతే. ఇదే బెర్నార్డ్ ఆ కత్తుల్లో ఒకటి దీన్‌ది, ఒకటి దునియాది, రెండూ చర్చివే అన్నాడు. 1302లో ఫ్రాన్స్ బాద్‌షా నాలుగో ఫిలిప్‌తో తగువులో ఉన్న పోప్ ఎనిమిదో బోనిఫేస్ తన ఫర్మానాలో దాన్నే దలీల్ చేశాడు: రాజు కత్తి దూసినా పాదిరీ ఇజాజత్‌తోనే దూయాలి. మఠంలో కూర్చున్నవాడి బాతిన్ ఎవరినీ ఏమీ చేయదు. తఖ్త్ మీద కూర్చున్నవాడి బాతిన్ సంగతి వేరు.

దీనికి జవాబు అప్పటికే చర్చిలోనే ఉంది. 1274లో చనిపోయిన థామస్ అక్వినాస్ ఒక ఉసూల్ పెట్టి పోయాడు: బహస్‌లో దలీల్ లఫ్జీ మానీ నుంచే తేవాలి, మజాజీ మానీ నుంచి కాదు. ఈమాన్‌కు జరూరీ అయినదేదైనా కితాబులో ఎక్కడో ఒకచోట సాఫ్‌గా చెప్పే ఉంటుంది. అలాగని ఆయన లఫ్జ్‌కు అతుక్కుపోయినవాడూ కాదు. 'ఖుదా చెయ్యి' అన్నచోట లఫ్జీ మానీయే ఖుద్రత్, అవయవం కాదు అంటాడు. 'యదుల్లాహ్' మీద మన ఉలమాల బహస్ పక్కన పెట్టుకుని చదవాల్సిన మాట ఇది.

ఆ ఉసూల్‌ను పారిస్‌లో అక్వినాస్ జమాత్‌కే చెందిన జాన్ వెంటనే వాడాడు: రెండు కత్తులు కేవలం మజాజ్, వాటితో ఇఖ్తియార్ సాబిత్ కాదు. కొన్నేళ్లకు కవి డాంటే 'మొనార్కియా'లో ఇంకా సూటిగా వెళ్లాడు. కత్తి లేనివాడు కొనుక్కోమని ఆయన చెప్పింది పన్నెండు మందికీ కదా, అంటే కావలసినవి పన్నెండు. పేతురు అలవాటు ప్రకారం తొందరపడి రెండున్నాయన్నాడు, చాల్లే అన్నారు. మజాజే కావాలంటే వాటిని మాట, చేత అనుకోండి అన్నాడు. డాంటే చనిపోయిన ఎనిమిదేళ్లకు, 1329లో, పోప్ పంపిన కార్డినల్ ఆ కితాబును బొలోన్యాలో తగలబెట్టించాడు.